ఆపేముందు ఒక్క నిమిషం

సోమవారం

నా గుండుసూదికి,

నీ ఉత్తరం అందింది. రాసింది నాలుగు వాక్యాలు, అందులో మూడు తప్పులు. అక్షరాలవి కావు, బుద్ధివి. “నమ్మకమైన ఇంజన్ అని నేను చెప్పి ఇప్పించిన కారు రెండేళ్లకే కూలబడింది. ఇంట్లోవాళ్లకే సరైనది ఎంచలేనిదాన్ని, పరీక్షల విభాగంలో కూర్చుని లోకంలోని ఇంజన్లన్నిటికీ మార్కులు వేయడమేమిటి? నెలాఖరుకు మానేస్తాను. ఏదైనా బడిలో లెక్కలు చెప్పుకుంటాను” అన్నావు. లెక్కలు చెప్పుకోవడం తేలికని నీకెవరు చెప్పారే? ముప్ఫై నాలుగేళ్లు ఫిజిక్సు చెప్పినదాన్ని, నన్నడుగు. ఇంజన్ చెప్పిన మాట వింటుంది. తొమ్మిదో తరగతి వినదు.

ఇక్కడి సంగతి నీకు మీ అమ్మ ఫోనులో ముక్కలుముక్కలుగా చెప్పి ఉంటుంది. పూర్తిగా విను. లైబ్రరీ కొండ సగం ఎక్కానో లేదో, బండి ఈల వేయడం మొదలుపెట్టింది. అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ. ఎవడిదో పాపం అనుకున్నాను. కాసేపటికి ఆ పాపం నాదేనని తెలిసింది. ఎంత తొక్కినా బలం లేదు. ఎదురింటి రిటైర్డు బస్సు డ్రైవరు, అదే మన హారన్‌గారు, తన పాత డబ్బా కారులో నన్ను దాటుకుంటూ చెయ్యి ఊపి మరీ వెళ్లాడు. చెవిమేస్త్రీ వచ్చి, అలవాటు ప్రకారం స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజన్‌కీ ఇంకో కొన చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. “టర్బో పోయిందండీ టీచరుగారూ” అన్నాడు, దగ్గరి బంధువు పోయినంత మెల్లగా. నువ్వడిగావని ఆ శవాన్ని పోయినవారమే నీకు పార్శిల్ చేశాడు. దానితో ఏం చేస్తావో మరి. కొత్తది బిగించాడు. బండి ఇంటి ముందు బుద్ధిగా నిలబడి ఉంది.

మీ నాన్న మాత్రం భోజనాల బల్ల దగ్గర ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

“మీ తప్పేం లేదత్తయ్యగారూ. ఈ టర్బోలే అంత. చిన్న ఇంజన్‌కి గాలి కొట్టి పెద్దదని చూపిస్తారు. బుడగండీ బుడగ. పిల్ల మాట విని కొన్నాం, అదీ పొరపాటు.”

“డెబ్బై నాలుగేళ్లకి టర్బో ఎందుకమ్మా నీకు?” అంది మీ అమ్మ.

“కాళ్లకి లేదు కనక” అన్నాను.

“అదే మీ నడపడంలో తేడా అని తేలితే మాత్రం తాళంచెవి నా బీరువాలోకే” అని మీ నాన్న నవ్వాడు. నేను మజ్జిగ తాగుతున్నాను. తాగుతూనే ఉన్నాను.

నీకొక్క మాట. నా క్లాసులో ఎవరైనా బీకరు పగలగొడితే, ఎవరని ఎప్పుడూ అడిగేదాన్ని కాదు. నిర్దోషి అయిన మానిటర్ని నిలబెట్టి, “బాధ్యత నీది, పదవి దిగిపో” అనేదాన్ని. ఐదు నిమిషాల్లో అసలువాడు వెనక బెంచీలోంచి లేచేవాడు. అది నా పద్ధతి. నువ్వు నీ అంతట నువ్వే దిగిపోవడం ఏ పద్ధతి? మానెయ్యకు. అంతే.

కోపంతోనే,
అమ్మమ్మ


గురువారం

నా గుండుసూదికి,

సోమవారంనాటి ఉత్తరం చించెయ్. అందులో అబద్ధం లేదు. నిజమూ లేదు.

మూడు రోజులుగా ఆ వెనక బెంచీ కళ్ల ముందు కదులుతోంది. దాని మీద కూర్చున్నది నేనే. నీ టర్బోను చంపింది నేను.

టర్బో అంటే ఏమిటో కారు కొన్నరోజున నువ్వు చెప్పబోతే, మధ్యలో అడ్డుపడి నీకే పాఠం చెప్పాను, గుర్తుందా? ఇంజన్ వదిలేసే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు రెండో కొనన ఉన్న చక్రం బయటి గాలిని అదిమి ఇంజన్ నోట్లో కుక్కుతుంది. తిండి ఎక్కువ, సత్తువ ఎక్కువ. తొక్కాక ఆ సత్తువ రావడానికి ఒక క్షణం పడుతుంది, నేను జోకు వేశాక మీ నాన్న నవ్వడానికి పట్టేంత. దాన్నే లాగ్ అంటారు. అలా మొదలుపెట్టి అంతా నేనే చెప్పాను. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుందనీ, దాన్ని మోసేది పలచని నూనె పొర ఒక్కటేననీ, ఇంజన్ ఆపగానే నూనె రావడం ఆగిపోయి, కాలే ఇరుసు మీద మిగిలింది మాడి బొగ్గవుతుందనీ. తెలియక చేసిన తప్పయితే ఎంత బాగుండేది! నేను తెలిసి చేశాను.

నువ్వు స్టీరింగు పక్కన ఒక చీటీ అంటించావు. “అమ్మమ్మా, కొండెక్కాక ఆపేముందు ఒక్క నిమిషం.” రెండో రోజే పీకేశాను. జన్మంతా ఇతరుల ముందు చీటీలు అంటించినదాన్ని, నేను ఎక్కాలు నేర్పిన పిల్ల నా ముందు అంటించడమా అని.

ఇక కొండ మీద జరిగేది ఎవరికీ చెప్పలేదు. లైబ్రరీకి పేపరు ఒకటే వస్తుంది. అందులో గళ్ళనుడికట్టు ఒకటే ఉంటుంది. ముందు ఎవరు చేరితే వాళ్లది. హారన్‌గారు చేరితే పెన్నుతో నింపేస్తాడు, అదీ తప్పులతో. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. అందుకని పొద్దున్నే కొండ కింద ఇద్దరం ఒకరినొకరం చూడనట్టు నటించి, ఒకేసారి తొక్కేవాళ్లం. నీ ఇంజన్ ఏం లాగేదే! రెండో మలుపు దాటాక వీపు సీటుకు అతుక్కుపోయేది. డెబ్బై నాలుగేళ్లలో నన్నెవరూ అంత ఉత్సాహంగా ముందుకు తోయలేదు. పైకి చేరగానే టక్కున ఆపేసి, మెట్లెక్కి పేపరు అందుకునేదాన్ని. నిమిషం ఆగితే ఆయన మెట్ల మీద ఉంటాడు. రెండేళ్లు, వారానికి ఆరు రోజులు, అలా మాడ్చాను.

అక్కడితో అయిపోలేదు. పాత కారు నూనె డబ్బాలు నాలుగు స్టోరు గదిలో మిగిలాయి. పారేయబుద్ధి కాక ఇదే పొయ్యమన్నాను. “ఇది ఈ బండికి పడదండీ టీచరుగారూ” అన్నాడు చెవిమేస్త్రీ. “నూనె నూనేరా, పొయ్యి” అన్నాను. నా దగ్గర తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాడు, మూత తిప్పి పోసేశాడు.

మీ నాన్న బుడగ అన్నప్పుడు నీ పేరు పోతోందని తెలిసీ మజ్జిగ తాగాను. తాళంచెవి కోసం. ఆ కారు లేకపోతే నేను కిటికీ దగ్గర కూర్చుని దారినపోయేవాళ్ల నడకలకు మార్కులు వేసుకునే ముసలిదాన్ని. అందుకు భయపడ్డాను. నేను భయపడటం నీకు కొత్త. నాకూ కొత్తే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అంతా చెప్పేశాను. మీ నాన్న ఈసారి లాగ్ లేకుండా వెంటనే నవ్వాడు. ఆపైన చెయ్యి చాపాడు. తాళంచెవి బీరువాలోకి వెళ్లిపోయింది.

నువ్వు మానొద్దు. నీ ఇంజన్ మంచిది. దానికి దొరికిన మనిషే మంచిది కాదు.

వెనక బెంచీ నుంచి,
అమ్మమ్మ


ఆదివారం

అమ్మమ్మా,

నేను ఉద్యోగం మానడం లేదు. మానిటర్ దిగిపోతానంటే అసలువాడు ఐదు నిమిషాల్లో లేస్తాడని చిన్నప్పట్నుంచీ నువ్వే చెప్పేదానివి. నీకు మూడు రోజులు పట్టింది. వయసు మీద పడుతోంది.

చెవిమేస్త్రీని తిట్టకు, ఆయన నోరెత్తలేదు. పార్శిల్ విప్పగానే ఇరుసే చెప్పింది. నీలంగా కాలిపోయి ఉంది, నూనె దారి బొగ్గుతో పూడుకుపోయింది. మామూలుగా నడిపేవాళ్లకు ఈ కాలపు ఇంజన్‌తో ఆ నిమిషం కూడా అక్కర్లేదు. ఇది మామూలు మనిషి పని కాదని షెడ్డులో అందరూ అన్నారు. నాకు మాత్రం మా అమ్మమ్మ పని అని తెలుసు.

అసలు విషయం విను. మా పరీక్ష డ్రైవర్లందరూ బుద్ధిమంతులు. కొండెక్కించి, టక్కున ఆపి, గళ్ళనుడికట్టు కోసం పరుగెత్తే మనిషి మా లెక్కలోనే లేదు. ఇప్పుడు ఉంది. పూర్తి బలంతో తిప్పడం, ఉన్నపళంగా ఆపడం, పది నిమిషాలు మాడనివ్వడం, మళ్లీ తిప్పడం. అలా ఐదువందల సార్లు. కాగితాల్లో దానికో నంబరుంది. షెడ్డులో మాత్రం అమ్మమ్మ పరీక్ష అంటారు. నిన్న ఒక ఇంజన్ నూట ఎనభైకే చేతులెత్తేసింది. నువ్వు రెండేళ్లలో అంతకు మూడింతలు చేశావు, పైగా ఆ నూనెతో. నేను ఎంచింది మంచి ఇంజనేనన్నమాట.

నాన్నకు విడిగా రాశాను. తప్పు బండిదీ కాదు, వయసుదీ కాదు, అలవాటుది అని. తాళంచెవి ఇస్తారు. షరతు ఒకటే. కొండ మీద ఇంజన్ ఆపేముందు పదమూడో ఎక్కం ఇరవై దాకా పైకి చదవాలి. నెమ్మదిగా చదివితే నిమిషం పడుతుంది. తప్పొస్తే మళ్లీ మొదటినుంచి. నాకు ఏడేళ్లప్పుడు నువ్వు పెట్టిన షరతే ఇది.

నీ గుండుసూది


బుధవారం

నా గుండుసూదికి,

నా బీకరు నా నెత్తినే పగలగొట్టావు. పద్ధతి నాదే కనక మార్కులు సగమే వేస్తాను.

ఈరోజు తాళంచెవి వచ్చింది. కొండెక్కాను, కొత్త నూనెతో, కొత్త టర్బోతో, హారన్‌గారిని రెండో మలుపులోనే దాటి. పైకి చేరాక ఇంజన్ ఆపకుండా కూర్చుని ఎక్కం మొదలుపెట్టాను. ఆయన వచ్చాడు, మెట్ల వైపు నాలుగడుగులు వేశాడు, ఆగాడు. నా కిటికీ దగ్గరికొచ్చి, “ఒంట్లో బాగానే ఉందా టీచరుగారూ?” అన్నాడు. మాట్లాడితే లెక్క తప్పుతుందని చెయ్యి ఊపాను. పదమూడు పదిహేడ్ల దగ్గర నిజంగానే తప్పింది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ అక్కడే ఆగిపోయాను. ముప్ఫై నాలుగేళ్లు ఎక్కాలు రానివాళ్లను బయట నిలబెట్టినదాన్ని!

“రెండొందల ఇరవై ఒకటండీ” అన్నాడాయన మెల్లగా, కిటికీలోకి వంగి. “మా బస్సులో కండక్టరు టికెట్ల లెక్క వినీవినీ నేర్చుకున్నా.”

మేం లోపలికి వెళ్లేసరికి లైబ్రేరియన్ గళ్ళనుడికట్టు నింపేసి కూర్చుంది. పెన్నుతో. ఒక్క తప్పు లేదు. ఇద్దరం నిన్నటి పేపరు ముందేసుకుని కూర్చున్నాం, ఆయన నింపిన దాన్ని దిద్దుకుంటూ. రెండుచోట్ల ఆయనదే రైటని తేలింది. ఈ మాట మీ అమ్మకు చెప్పకు.

నీ ఇంజన్ క్షేమం. రేపటికి ఆ పదమూడు పదిహేడ్లు బట్టీ పడుతున్నాను. ఇంతకంటే పెద్ద టర్బో ఏదైనా మీ షెడ్డులో ఉంటే చెప్పు. పంతొమ్మిదో ఎక్కం ఖాళీగా ఉంది.

ఇంజన్ ఆపాకే సంతకం చేస్తూ,
అమ్మమ్మ