పండుగకు ముందు కట్టిన వరి కుచ్చు

మన గూడెం, పినపాక దగ్గర
20-10-1985, ఆదివారం

నా ఇల్లాలు భీమక్కకు సీతయ్య రాస్తున్నది.

ఇక్కడ అమ్మ, మన పాప, రెండు మేకలు, నేను బాగానే ఉన్నాం. అక్కడ ఖమ్మంలో నువ్వూ, నీ నర్సు ట్రైనింగు హాస్టల్ గదిలోని వాళ్ళూ బాగున్నారని అనుకుంటున్నాను. కోడిపుంజు సంగతి మాత్రం కింద రాస్తాను. కాగితం తిప్పి ముందే చదవకు.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. పొద్దున వెదురు నరికే కూలి, సాయంత్రం చేను కావలి, నడుమ అమ్మకు గంజి, పాపకు జడ. జడ వేయడం నాకు ఇంకా పట్టుబడలేదు. బడిలో పంతులు పాపను చూసి “ఇది జడనా, మోకా?” అన్నాడట. నడుము వాలిస్తే చాలు, కన్ను మూతపడుతోంది. ఈ ఉత్తరమూ మూడు దఫాలుగా రాస్తున్నాను. అక్షరాలు ఒకచోట పెద్దగా, ఒకచోట చీమల్లా ఉంటే అదే కారణం.

నువ్వు కింద గీత గీసి అడిగిన కాగితం సంగతి నేను మరిచిపోలేదు. నిన్ను మన గూడేనికి నర్సుగా వేయాలంటే గూడెం పెద్దలకు ఒప్పుదలేనని వేలిముద్రలతో కాగితం కావాలి. దీపావళి లోపల అది ఆఫీసుకు చేరకపోతే అశ్వారావుపేట వైపు వేస్తారు, ఇంకో మూడేళ్ళు ఇంటి ముఖం చూడలేను అని రాశావు. ఏడాదిన్నరకే నేను ఇట్లా అయ్యాను, ఇంకో మూడేళ్ళంటే నా వల్ల కాదు. ఆ సంగతీ రాస్తాను. ముందు తేలికైనవి రాయనీ.

ముందు పంచ ఎంతవరకు వచ్చిందని అడిగావు. నువ్వు పంపిన వారపత్రిక కాగితాలు నాలుగూ దూలం సందులో భద్రంగా ఉన్నాయి. ‘తక్కువ ఖర్చుతో ఇంటికి కళ’ అని పైన పెద్ద అక్షరాలు. ఆ రాసినామె ఎవరో గానీ, ‘మీ ఇంట్లో పనికిరాకుండా పడి ఉన్న వస్తువులు తీసుకోండి’ అని మొదలుపెట్టింది. ఇల్లంతా వెతికాను. పనికిరాకుండా పడి ఉన్నది నేను తప్ప ఇంకేమీ దొరకలేదు. మాడిపోయిన కరెంటు బల్బుకు రంగు వేసి వేలాడదీయమంది. మన కరెంటు స్తంభాలు వాగు అవతలే ఆగిపోయాయని ఆమెకు ఎవరు చెప్పాలి?

అయినా నువ్వన్న మాట మనసులో పెట్టుకున్నాను. సబ్‌సెంటర్ కట్టేదాకా తల్లులు పిల్లల్ని ఎత్తుకొని మన పంచలోకే రావాలి, సూది అంటే ఉన్న భయం సగం ఆ చోటు చూస్తేనే పోవాలి అన్నావు. ఆ మాట కోసమే ఒళ్ళు నొప్పులతో ఇవన్నీ చేశాను.

గోడలకు ఎర్రమట్టి పూసి, కింద మోకాలెత్తు వరకు సుద్దతో చుక్కలు పెట్టాను. అమ్మ మంచం మీద పడుకొనే “వంకర పోయింది, వంకర పోయింది” అంటూ ఉంది. కళ్ళు సరిగా ఆనవంటుంది గానీ నా వంకరలన్నీ ఆమెకే కనిపిస్తాయి. పగిలిన గాజుల దండల సంగతి అడిగావు. పాప గూడెమంతా తిరిగి గాజుముక్కలు ఏరుకొచ్చింది. దీపం మంట మీద వంచి ఒకదానిలో ఒకటి తగిలించాలి కదా, రెండు వేళ్ళు కాలాయి. ఏడు దండలయ్యాయి. గాలి వస్తే బాగానే మోగుతున్నాయి.

గుమ్మానికి తెర కోసం నీ ఆకుపచ్చ చీర కోయమన్నావు. కత్తెర చేతికి తీసుకున్నాను, కోయబుద్ధి కాలేదు. అది ఇంకా నీ వాసనే వేస్తోంది. వెలిసిపోయిన నా పాత లుంగీ ఒకటి కోసి, దానికి నీ రవికె గుడ్డ అంచు కుట్టాను. తెర అంటే తెర, లుంగీ అంటే లుంగీ, చూసేవాళ్ళ దయ. రంగు కాగితాల పువ్వులకు బదులు ప్రస్తుతం బంతిపూలు గుచ్చాను. మాఘంలో మోదుగ పూస్తే అవి పెడదాం. ఇక పూసల బదులు గురివింద గింజలు మైనంతో అంటించి ఒక అద్దం చట్రం చేశాను. చాలా అందంగా వచ్చింది. అమ్మ తడిమి చూసి “పిల్లలు పాకే కాడ గురివింద గింజలేంది కొడుకా, నోట్ల ఏసుకుంటె ఏం గావాలె?” అన్నది. మళ్ళీ కూర్చుని అన్నీ పీకేశాను. నర్సు ట్రైనింగు నువ్వు తీసుకుంటున్నావో, అమ్మ తీసుకుంటోందో తెలియడం లేదు.

ఇక నాలుగో కాగితం. అందులో ఉన్నది వరి కుచ్చు.

కంకుల్ని జడలా అల్లి గుమ్మానికి కడితే పిచ్చుకలు వచ్చి వాలతాయని బొమ్మ వేశారు. పైసా ఖర్చు లేదు. పాప జడ రాకపోయినా గడ్డి జడ నాకు వచ్చు. నాలుగింటిలోనూ నాకు చేతనైన పని అదొక్కటే అనిపించింది. నీ ఉత్తరం అందిన మర్నాడు వెదురు పనికి సెలవు దొరికింది. చేనికి పోయి నాలుగు గుప్పెళ్ళ కంకులు కోసుకొచ్చి, పొద్దు గూకేలోపు అల్లి, ముందు గుమ్మానికి కట్టాను.

ఇది చదువుతూ నువ్వు ఎక్కడ ఆగావో నాకు తెలుసు. కొత్తల పండుగ ఇంకా కాలేదు. ఆ పండుగలో, కాలం చేసిన మన పెద్దలకు చూపించేదాకా ఆ ఏటి వరి ఒక్క కంకి కూడా మనలో ఎవరూ ఇంటికి తేరు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఎరిగినదే. కానీ పండుగయితే కోతలు, కోతలయితే నూర్పిళ్ళు, మళ్ళీ నాకు కూర్చునే తీరిక దొరకదు. ఒక్క పనైనా పూర్తయిందని నీకు రాయాలనిపించింది. గడపకు బయటి వైపు దూలానికి కడుతున్నాను, ఇంట్లోకి తెచ్చినట్టు కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ రాత్రే మన గూడెం పెద్ద పగిడయ్య పెద్దయ్య చేను మీద అడవి పందులు పడ్డాయి. సగం చేను తొక్కేశాయి. ఈ సంగతి తెలియక నేను మర్నాడు నీ ఒప్పుదల కాగితం పట్టుకొని, పంతులు దగ్గర స్టాంపు ప్యాడ్ అడిగి తీసుకొని, పెద్దయ్య ఇంటి పందిరి కిందికి పోయాను. పెద్దలందరూ అక్కడే ఉన్నారు. నీ పేరు చెప్పగానే పెద్దయ్య ముఖం కొంచెం విప్పారింది. “మన పిల్లే గదా, మన పిల్లలను మంచిగ సూస్తది” అని బొటనవేలు సిరాలో అద్దాడు. అద్దిన వేలు కాగితం మీదికి వస్తూ ఉంది. అప్పుడు మన పక్కింటి పోతయ్య ఉండబట్టలేక, “సీతయ్య గడపకాడ కొత్త కంకులు ఏలాడుతున్నయ్ పెద్దయ్యా” అన్నాడు.

వేలు అక్కడే ఆగిపోయింది.

“ఏంది సీతయ్యా? పండుగ ఇంక కాకపాయె. ఎవలు జెప్తే గట్టినవ్?” అన్నాడు పెద్దయ్య. మన గూడెం భాషలో అన్నదాన్ని తెలుగులో రాస్తే అందులో కారం సగం పోతుంది. పందులు తొక్కిన చేను చూసి వచ్చిన మనిషి ఆయన, నా కంకుల వల్లే అనుకున్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు.

భీమక్కా, ఇక్కడి నుంచి రాయడానికే నాకు మూడు దఫాలు పట్టింది. నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. “భీమక్క రాసింది పెద్దయ్యా. ఖమ్మంల ఇండ్లకు గట్లనే గడ్తరట” అన్నాను.

నువ్వేం రాశావో నాకు తెలుసు. ‘వరి కుచ్చు మాత్రం కొత్తల పండుగ అయ్యాకే, మరిచిపోయేవు, పెద్దయ్య ఊరుకోడు’ అని రాశావు. ఆ ఉత్తరం అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది. అయినా నా నోట్లోంచి నీ పేరే వచ్చింది. భయంతో వచ్చిందో, అలసిపోయి వచ్చిందో చెప్పలేను. ఏదైనా తప్పు తప్పే.

పెద్దయ్య సిరా వేలు పంచెకు తుడుచుకున్నాడు. “పట్నం పోంగనే పండుగనే మరిసింది. రేపు సూదులు పట్టుకొని వచ్చి ఇంకేమేం మరుస్తదో. గసుంటామెకు పిల్లలను ఎట్ల అప్పజెప్పాలె?” అన్నాడు. అప్పుడైనా నేను నిజం చెప్పలేదు. ఖాళీ కాగితం మడిచి జేబులో పెట్టుకొని వచ్చాను. అప్పటి నుంచి గూడెంలో ఆడవాళ్ళు నీ క్షేమం అడగడం మానేశారు. పంచ ముందు నుంచి పోయేటప్పుడు పిల్లల్ని చంకలో సర్దుకొని జల్దీగా పోతున్నారు.

తొమ్మిది రోజులు అట్లాగే ఉన్నాను. దీపావళికి రోజులు లెక్కపెట్టుకుంటూ, నీకు ఏ అబద్ధం రాయాలా అని ఆలోచిస్తూ ఉన్నాను. వేలిముద్రలు వేయడం లేదు, ఎందుకో తెలియదు అని ఒక ఉత్తరం రాసి చింపేశాను కూడా. అమ్మ ఈ తొమ్మిది రోజులూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు ఆమెకు చదివి వినిపించింది నేనే కదా, పండుగ అయ్యాకే అని నువ్వు రాసిన మాట ఆమె విన్నది. నిన్న పొద్దున గంజి ఇస్తే గిన్నె పక్కన పెట్టి నోరు విప్పింది.

“నీ అయ్య గూడ గింతే కొడుకా. ఎద్దు తప్పిపోయినా, కప్పు కారినా, పదిమందిల ‘మా ఆదెమ్మనే జెప్పింది’ అని నా మీద పెట్టెటోడు. నలభై ఏండ్లు మోసిన. గా పిల్ల నెత్తి మీదన్న గా మూట ఎత్తకు” అన్నది.

అయ్య పోయి పదేళ్ళు. ఆమె ఆయన మీద ఒక్క ఫిర్యాదు చేయగా నేను వినలేదు. గంజి తాగమని బతిమాలాను, తాగలేదు. నీ ఉత్తరం, నీ కాగితం, స్టాంపు ప్యాడ్ తీసుకొని బయలుదేరాను. వెనక కర్ర చప్పుడు విని తిరిగి చూస్తే అమ్మ. మంచం దిగడమే కష్టమైన మనిషి పందిరి దాకా నడిచి వచ్చింది.

పదిమందిలో నిలబడి, అబద్ధమాడాను, భీమక్క పండుగ అయ్యాకే కట్టమన్నది, తప్పు నాది అన్నాను. పెద్దయ్య నమ్మలేదు. “ఇల్లాలిని కాపాడుకునేటందుకు గిప్పుడు గిట్ల జెప్తున్నవ్. ఉత్తరం సదువు. నడిమిట్ల ముక్క గాదు, మొదటికెల్లి సదువు” అన్నాడు.

నన్ను క్షమించాలి, మొత్తం చదివాను. నా గడ్డం చూస్తే పిల్లలు జడుసుకుంటారు, గీసుకో అన్నది చదివాను. మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటుందన్నది చదివాను. పడుకునేటప్పుడు నా మాటలు గుర్తొస్తాయని రాశావే, అదీ చదవాల్సి వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పోతయ్య సరిగా వినబడలేదని అది మళ్ళీ చదివించాడు. ఆ తర్వాత వరి కుచ్చు మాట వచ్చింది. ‘పెద్దయ్య ఊరుకోడు’ అన్నచోట పెద్దయ్య చేయి ఎత్తి నన్ను ఆపాడు.

“ఖమ్మంల ఉన్న పిల్లకు యాదున్నది. గూడెంల ఉన్న నీకు లేకపాయె” అన్నాడు.

తప్పు కింద పుంజును, ఒక కడవ ఇప్పసారాను పెట్టమన్నారు. అదీ కోడిపుంజు సంగతి. పాప ఏడ్చింది. కుచ్చు విప్పి పెద్దయ్యకు అప్పగించాను. పండుగ రోజు పెద్దలకు చూపించి మళ్ళీ ఇస్తాడు.

ప్యాడు ఆరిపోయి ఉంటే రెండు చుక్కల నీళ్ళు పోశాను. పెద్దయ్య వేలు చాపబోయేంతలో అమ్మ కర్ర పక్కన పడేసి “ఆగు పగిడయ్యా, ముందు నేనేస్త” అన్నది. ఆడవాళ్ళు ముందు వేయడం ఎక్కడైనా ఉందా అని ఎవరో గొణిగారు. పెద్దయ్య మాత్రం జరిగి చోటిచ్చాడు. నేను ఆమె వేలు పట్టుకొని కాగితం మీద అద్దాను. ఆ మరకను కళ్ళ దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూసింది. “ఇన్నేండ్లకు నా పేరు ఒక మంచి పనికి పడ్డది” అన్నది. తర్వాత ఇంటికి వచ్చి గంజి తాగింది.

మొత్తం పదకొండు వేలిముద్రలు. కాగితం ఈ కవరులోనే ఉంది. రేపు పినపాక పోయి రిజిస్టర్ చేసి పంపుతాను. మొదటి ముద్ర కొంచెం అలికినట్టు ఉంటుంది. ఆఫీసు వాళ్ళు అడిగితే అది మా అత్తదని చెప్పు.

పంచ ఇప్పుడు బోసిగానే ఉంది. కుచ్చు కట్టిన చోట రెండు పిచ్చుకలు ఇవాళ పొద్దున వచ్చి వెతికి పోయాయి. నువ్వు వచ్చాక నీ చేత్తోనే కట్టు. ఈ ఉత్తరం చదివి నీకు ఎంత కోపం వస్తే అంతా రాయి. నేను చదువుకుంటాను, అమ్మకూ చదివి వినిపిస్తాను. గడ్డం ఈ రోజు గీసుకున్నాను.

ఒకటి మాత్రం నా చేతిలో లేదు. తొమ్మిది రోజులు ఈ గూడెం నిన్ను పండుగ మరిచిన మనిషి అనుకుంది. ఆ తొమ్మిది రోజులు నేను వెనక్కి తేలేను. నువ్వు వచ్చాక ఎవరైనా ఆ మాట ఎత్తితే వాదించకు. నా పేరు చెప్పు.

ఇట్లు,
పదిమందిలో నీ ఉత్తరం చదివిన
నీ బావ
సీతయ్య