లేపాక్షి పక్కన మరో పురాతన కట్టడం

మేరమ్మక్కకు, మన ఊరి బడి ప్రధానోపాధ్యాయుడు సవినయంగా తెలియజేయునది.

ఊరి నర్సుగా ఉన్న మీరు కాలం చేసిన నాటి నుంచి ఇటీవలి దాకా ఆరోగ్య కేంద్రం తాళం తీయలేదు. చంటిపిల్లల టీకాలకు తల్లులు ఆటోల్లో హిందూపురం పోయేవారు. కొత్త నర్సు కోసం నేను పెట్టిన అర్జీలు పరిశీలనలో ఉన్నాయి. మన పిల్లలు యథావిధిగా బడి ఎగ్గొట్టి, నంది దగ్గర యాత్రికులకు చరిత్ర బోధిస్తున్నారు.

మొన్న ఐదో తరగతి గంగమ్మ ఒక బెంగళూరు బృందాన్ని మీ ఆరోగ్య కేంద్రం తలుపు ముందుకు తీసుకొచ్చింది.

“ఇది శానా పాతది సార్. దీన్ని తెరిచేవాళ్లు ఇంగా పుట్టలేదు.”

వాళ్లు తీసిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. కట్టడాన్ని పరిశీలించడానికి వచ్చిన పురావస్తు అధికారి, పైనున్న ఆరోగ్య కేంద్రం బోర్డు చదివి వైద్య శాఖకు ఫోన్ చేశారు. వారం తిరగకముందే కొత్త నర్సు వచ్చింది.

“అబద్ధాలు చెప్తావేమే?” అని గంగమ్మను మందలించాను.

“అబద్ధమేముండాది సార్? మా చెల్లెలు పుట్టినాంక ఎప్పుడన్నా తెరిచినారా?”

తొలి టీకా ఆ చెల్లెలికే పడింది. లోపల కొక్కేనికి మీ తెల్లకోటు అలాగే ఉంది. కొత్తమ్మాయి దాన్ని తీయకుండా, తనది పక్కన మేకుకు తగిలించుకుంది.

సూది చూడగానే గంగమ్మ పరుగెత్తి వచ్చి బడిలో దాక్కుంది. హాజరు మెరుగుపడినదని మనవి.