పౌడరు పూసిన ఇంజను

సరోజా,

రేపు అమ్మాయి జమ్మలమడుగులో టీచరుగా చేరుతుంది. నీ గంధం రంగు చీర కట్టుకొని, మన పాత బండి మీదే నా వెనక కూర్చొని వస్తానంది. ఇంజను కింద ఆయిల్ మరక చూసి, "నాయనా, ఈ బండెక్కితే అమ్మ చీర యాడ మిగుల్తాది?" అని నవ్వింది.

ప్రొద్దుటూరు మెకానిక్ చూసి, "మామా, ఇంజను మొత్తం విప్పాల్సిందే. ల్యాకుంటే పాత ఇనుముకు ఏసెయ్" అన్నాడు. ఆ రెండూ చేయదలచుకోలేదు.

ఇంజనును కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాను. ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో తెలియాలంటే తెల్లటి పొడి చల్లి చూడాలి. నువ్వు పోయినప్పటి నుంచి నీ పౌడరు డబ్బా అద్దం వెనకే ఉంది. దాని మూత తీసి ఇంజను నిండా చల్లి, బండి స్టార్ట్ చేశాను. కాసేపటికి తడి గీత కనిపించింది. కింద కాదు, పైన ఇంజను నెత్తి మీదుండే టాపెట్ మూత దగ్గర. "ఏమప్పా, ఎప్పుడూ కిందికే చూస్తాండావు, పైనుంచి కార్తాండాదేమో" అని కుచ్చిళ్ళు దులుపుకొంటూ నువ్వు అనేదానివి.

మూత కింది రబ్బరు రింగు గట్టిపడిపోయి, వంచగానే విరిగింది. కొత్తది వేశాను. మళ్ళీ పౌడరు చల్లి చాపాడు దాకా పోయి వచ్చాను. గాలికి కొంత పోయినా, మిగిలింది ఎక్కడా తడవలేదు.

అమ్మాయి గుడ్డ తెచ్చి, "తుడిచేస్తా నాయనా, ఇంజను పెండ్లికొడుకు మాదిరుండాది" అంది.

రేపు జమ్మలమడుగు పోయి వచ్చేదాకా ఉండనీ అన్నాను.