పద్మ మళ్లీ సైకిలెక్కింది

నరసరావుపేట
జూన్ 1988, ఆదివారం

ఇవాళ పద్మను ఏడిపించాను. మనసేమీ బాగాలేదు.

రేపు బడి తెరుస్తున్నారని, దానికి లంగా జాకెట్టు కుట్టించడానికి పక్కింటి మహబూబీ వదినను పొద్దున పిలిచాను. టీవీ చూడటానికి వచ్చిన వీధి వాళ్లంతా ముందు గదిలోనే ఉన్నారు. వదిన టేపు పెట్టి, "ఏందే పద్మా, ఏడాదికే నడుము ఇంత పెరిగింది!" అంది. అందరూ నవ్వారు. పద్నాలుగేళ్ల పిల్ల తల దించుకుని వంటింట్లోకి పోయింది. మధ్యాహ్నం అన్నం వద్దంది.

ఓదార్చాల్సింది పోయి నేనూ ఒక మాట అన్నాను. "పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుంటే ఒళ్లు రాక ఏమవుద్ది?"

"సైకిలు తొక్కొద్దంది నువ్వే గదమ్మా! పెద్దమనిషినయ్యానని ఖోఖో కూడా మానిపిచ్చావు. ఇంట్లో ఆ టీవీ తప్ప నాకేముంది?" అంది వెక్కుతూ.

సాయంత్రం నేనే సైకిలు తుడిచి, గాలి కొట్టించి, "పోయిరా" అన్నాను.

మా అత్త అరుగు మీద నుంచి, "నలుగురూ ఏమనుకుంటారే?" అని అరిచింది.

"పొద్దున నలుగురూ నవ్వారు గదా అత్తా! ఇంకేమనుకుంటారు?" అన్నాను.

పద్మ స్టేషను దాకా పోయి వచ్చింది. ముఖమంతా చెమట, జడ ఊడిపోయింది. వస్తూనే అన్నం పెట్టమంది. బడికి కూడా సైకిలు మీదే పోతానంటే సరేనన్నాను.

ఎల్లుండి పిడుగురాళ్ల నుంచి వాళ్ల నాన్న వస్తారు. ఆయన వద్దంటే మళ్లీ నోరు మూసుకుంటానేమోనని, నాకు నా మీదే భయంగా ఉంది.