కోపం తగ్గకముందే రా

చిరంజీవి పెంచలకృష్ణకు,

ఆశీస్సులు పంపుతున్నాను. పుచ్చుకోవడం, మానడం నీ ఇష్టం.

కోపం మహాపాపమని నేను రామాలయంలో చెబుతుంటే, నీవు ముందు వరసలో కూర్చుని, "కోపం వద్దని చెప్పేదానికి అంత కోపమెందుకు సామీ? మైకు దడుసుకుంటా ఉండాది," అన్నావు. నిన్ను బయటికి గెంటించాను. అందులో నా తప్పేమీ లేదు. గురువును ఎగతాళి చేసినవాడు మరుజన్మలో ఏమవుతాడో శాస్త్రంలో ఉంది, వస్తే చూపిస్తాను.

అయితే నీవు రావడం మానినప్పటి నుంచి నా మాటలో నిప్పు లేదు. పోయిన శనివారం శాంతి గురించి చెప్పాను. శాంతి నిజంగానే వచ్చింది. మైకు పెట్టినవాడితో సహా అందరూ నిద్రపోయారు. చివర్లో గుడి కమిటీ ఆదిశేషమ్మ లేచి, "సామికి ఓపిక తగ్గినట్టుండాది, ఇంక ప్రవచనానికి చిట్టమూరాయన్ని పిలిపిద్దాం," అంది. ఆ చిట్టమూరాయన శ్లోకాలు సెల్‌ఫోన్‌లో చూసి చదువుతాడు.

కోపం మన శత్రువని శాస్త్రం చెప్పింది నిజమే. శత్రువు లేకుండా యుద్ధం ఎట్లా చేయాలో మాత్రం ఎన్ని పేజీలు తిప్పినా దొరకలేదు. నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరగకపోతే నీ గుంటలో రొయ్యలకు ఊపిరాడదని నీవే అంటావు కదా. నాకూ అంతే.

ఈ శనివారం మళ్ళీ కోపం మీదే చెబుతున్నాను. ముందు వరసలో నీకు కుర్చీ వేయించాను. క్షమాపణ చెప్పబాకు, చెబితే నా మనసు కరిగిపోతుంది. నేనేం చెప్పినా బాగుందని తల ఊపబాకు.

నీ మీద కోపాన్ని ఆరిపోకుండా కాపాడుకుంటున్న,
మీ సామి