నారయ్య ఎడమ డయాఫ్రం

జూన్ 3, మంగళవారం

మా దవాఖానల అల్ట్రాసౌండ్ మిషన్ కొత్త పెండ్లికూతురు లెక్క. రూం గడప దాటదు.

వచ్చే మంగళవారం సర్జన్ పరశురాం సార్ చేసే కీహోల్, అంటే చిన్న రంధ్రం ఆపరేషన్ల లిస్టుల నారయ్య ఉన్నడు. ఇబ్రహీంపట్నం చెరువుల చేపలు పట్టేటాయన, యాభై ఎనిమిదేండ్లు, గాల్ బ్లాడర్ల రాళ్ళు. మత్తు ఇచ్చేది నేను. ఎక్స్‌రేల కుడి డయాఫ్రం, రొమ్ముకు కడుపుకు నడుమ ఊపిరి ఆడించే కండ, పైకెక్కి కూసున్నది, ఎప్పటిదో బండి యాక్సిడెంటు. ఆయన ఊపిరంతా ఎడమ దాని మీదనే నడుస్తున్నది. ఆపరేషన్ కోసం కడుపుల గ్యాస్ నింపితే అది గూడ పైకి పోతది. మళ్ళ కదులుతదో లేదో చూడకుండ నోట్లకెళ్లి ఊపిరి ట్యూబ్ ఎట్ల తీయాలె?

మిషన్ థియేటర్‌కు కావాలన్న. స్కానింగ్ చూసే సునందక్క కుదరదన్నది. కడుపుల బిడ్డ ఆడనా మగనా చెప్పొద్దని చట్టం, మిషన్ కదలాలంటే లెటర్ కావాలె, పర్మిషన్ కావాలె అన్నది. చట్టం మంచిదే, నేనేం కాదంటలేను. కానీ అక్కా, నారయ్యకు మీసాలున్నయి!

జూన్ 5

డయాఫ్రం అంటే ఏందో వివరంగ రాయమని మేనేజర్ లెటర్ వాపసు పంపిండు.

జూన్ 7

రాసిన. బొమ్మ గూడ గీసిన. ఇప్పుడు పేషెంట్ భార్య సంతకం గావాల్నట. ఎందుకో మేనేజర్‌కే తెల్వదు. ఏం లొల్లి రా నాయనా.

జూన్ 9, సాయంత్రం 6

పర్మిషన్ వచ్చింది. ఒక్క రోజుకే.

నారయ్య భార్య బుచ్చమ్మతోని మాట్లాడిన. ఆయన దమ్ము ఆయనే తీసుకుంటడా డాక్టరమ్మా అని మూడుసార్లు అడిగింది. కండ్లార చూసినంకనే ట్యూబ్ తీస్తనని మాటిచ్చిన. పరశురాం సార్ మాత్రం, ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, గీ టీవీ ఎన్నడు పెట్టలే అన్నడు. నాకు మస్తు భయంగ ఉన్నది.

జూన్ 10, మధ్యాహ్నం 3

ఇప్పుడే థియేటర్లకెళ్లి బయటికొచ్చిన.

గ్యాస్ ఎక్కంగనే స్క్రీన్ మీద డయాఫ్రం పైకి పోయింది. ప్రెషర్ తగ్గించమన్న. తగ్గిస్తే ఏం కనవడదని సార్ సణిగిండు, తగ్గించిండు. రాళ్ళు బయటికొచ్చినయి. నారయ్య కండ్లు తెరిసిండు, చెయ్యి పిసుకుమంటే పిసికిండు. తీసెయ్, నెక్స్ట్ కేస్ ఉన్నది అన్నడు సార్. పక్కటెముకల మీద మిషన్ ప్రోబ్ పెట్టిన. ఎడమ దిక్కు కదుల్తలేదు.

తియ్యనన్న. సార్ గయ్యిమన్నడు. గోడ గడియారం చూపెట్టిండు. గీ బొమ్మలాట ఇంటికాడ ఆడుకో అన్నడు, నర్సుల ముంగట. ఏడుపొచ్చింది, కోపం అంతకన్న ఎక్కువొచ్చింది.

అప్పుడు చూసిన. ప్రోబ్ తీస్తే ట్యూబ్‌కు తగిలిచ్చిన ఊపిరి బ్యాగ్ మంచిగ ఊగుతున్నది. పెడితే ఆగుతున్నది. మళ్ళ తీసిన, మళ్ళ పెట్టిన. గట్లనే. బలం లేకనా, ఇంకేమన్ననా? నా అంచనా తప్పయి ట్యూబ్ తీస్తే మనిషి పోతడు.

ప్రోబ్ తాకంగనే ఎందుకు ఆగుతున్నడో ఇంటామెకే తెలుస్తదేమోనని, నర్సు యమునను పంపి బుచ్చమ్మకు గౌను తొడిగించి లోపటికి పిలిపిచ్చిన. రూల్స్ మన్నుల పడని. ఆమె నా చేతిల ప్రోబ్ చూసింది, నెత్తి కొట్టుకున్నది. నెల రోజులల్ల తొమ్మిది ఎక్స్‌రేలు తీసిన్రట. ప్రతిసారి దమ్ము బిగబట్టుమన్నరట. ఇప్పుడు రొమ్ముకు ఏది తాకినా బిగబడుతున్నడట, ఇంట్ల ఆమె విక్స్ రాసినా గంతేనట. నీళ్ళల్ల పని చేసేటోడు, బిగబట్టిన దమ్ము జల్ది ఇడువడట.

ఆయన చెవు కాడికి వంగి తిట్టింది. గిది ఎక్స్‌రే ఫోటో కాదు, ఊపిరి తీసుకో ముసలోడా, నన్ను సంపకు అని. ప్రోబ్ పెట్టిన. ఎడమ డయాఫ్రం కిందికొచ్చింది. రెండు సెంటీమీటర్లు. మళ్ళ వచ్చింది. పదిసార్లు లెక్కపెట్టి ట్యూబ్ తీసిన.

సార్ చేతులు కడుక్కొని పోయిండు.

జూన్ 11

నారయ్య రెండు ఇడ్లీలు తిన్నడు. చట్నీ బాగలేదని లొల్లి పెట్టిండు.

జూన్ 16

కారిడార్ల పరశురాం సార్ ఆపిండు. నా మొకం దిక్కు చూడకుండ, గురువారానికి ఇంకో పేరు రాసుకో, నీ మిషన్ తోని చూడాలె అన్నడు. శంకరమ్మ, డెబ్బై ఒకటి.

ఎవరు సార్ అన్న.

సార్ వాళ్ళమ్మనట.