బడికెక్కిన బోద

అక్కకు నమస్కారం. నేను క్షేమం. నా బడి కప్పు మాత్రం మొన్నటి గాలికి స్వర్గస్థమైంది. మంగళవారం ఇన్స్పెక్టరు వస్తాడు. కప్పు లేకుంటే బడి మూసేస్తాడు, నేనూ ఇంటికే. నిన్న అమావాస్య, నేతగాళ్లు మగ్గం ముట్టని రోజు. అందరూ పడుకుని ఉంటారులే అనుకుని, మహాత్యాగి లాగా పెట్టె సర్దుకుంటాండా. బయట సద్దయింది. చూస్తే మగ్గాల వీధి వీధంతా బడి ముందర ఉండాది! ఒక్కొక్కరి నెత్తిన ఒక్కో బోదగడ్డి కట్ట. కొత్తది కాదక్కా, ఎవరింటి కప్పులోంచి వాళ్లు పీక్కొచ్చింది.

అందరికన్నా పెద్ద కట్ట ముసలి గురమ్మది. "నీ ఇంట్లో చదివే బిడ్డలే లేరు గదమ్మా?" అంటి.

"లేకుంటే ఏమప్పా అయ్యవారూ? పిల్లోళ్లు ఎక్కాలు అరుస్తాంటేనే మగ్గం మీద నా చెయ్యి ఆడతాది. నువ్వు పెట్టె ఎత్తుకుని పోతే నాకు ఆ సద్దు యాడ దొరుకుతాది?" అన్నది.

పొద్దుగూకే లోపల బడికి కప్పు పడింది. తర్వాత ఆ వీధిలో నడిస్తే, ప్రతి ఇంటి కప్పులోనూ ఒక ఆకాశం ముక్క. నేరుగా పోయి, సర్దిన పెట్టె విప్పేస్తినక్కా.

తాలూకా కచేరీలో నాకు గుమాస్తా పని చూడొద్దని నాయనతో చెప్పు. బావ కాలినొప్పి తగ్గిందా? చింతకాయ తొక్కు పంపు. నా గొడుగు కూడా పంపు, గురమ్మ మగ్గానికి పట్టాల.

కొత్త బోద కోతకొచ్చేదాకా ఈడ వాన పడొద్దని మీరంతా మొక్కండి. ఈ కరువుసీమలో అట్లా మొక్కేది మనమొక్కరమే. దేవుడు తిడితే నా పేరు చెప్పు. పిల్లలకు ముద్దులు.

తమ్ముడు మహానంది, బి.ఏ.